విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో దాని పని, దాని బతుకు

ఏసీ కరెంటు వోల్టేజిని పెంచడానికో తగ్గించడానికో వాడే యంత్రం ట్రాన్స్‌ఫార్మర్. ఇందులో తిరిగే భాగం, కదిలే భాగం ఏదీ లేదు. ఇనుప రేకుల దొంతర, దాని మీద రెండు తీగచుట్టలు, వాటిని ముంచి ఉంచే నూనె, ఆ నూనెను పట్టి ఉంచే తొట్టి: ఇంతే సరంజామా. సరిగా చూసుకుంటే పాతికేళ్లు, ముప్ఫయ్యేళ్లు పనిచేస్తుంది. చూసుకోకపోతే రెండు వేసవులు కూడా దాటదు.

గుంటూరు జిల్లాలోని తెనాలి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోని బాపట్ల, రేపల్లె పట్టణాలు ఒకదానికొకటి గంట, గంటన్నర ప్రయాణ దూరంలోనే ఉంటాయి. మూడింటికీ కరెంటు పంచేది విజయవాడ కేంద్రంగా ఉన్న ఆంధ్రప్రదేశ్ మధ్య ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థే. దిమ్మెల మీద, జంట స్తంభాల మీద కనిపించే ట్రాన్స్‌ఫార్మర్లు కూడా ఒకే రకం. అయినా తెనాలి వైపు నల్లరేగడి మాగాణి, బాపట్ల తీరాన ఇసుక, రేపల్లె దిగువన ఉప్పునీటి రొయ్యల చెరువులు కావడంతో ఒకే యంత్రం మూడు చోట్ల మూడు రకాలుగా బతుకుతుంది. పని సూత్రాన్ని పుస్తకంలో చదవడం ఒక ఎత్తు. అది ఈ మూడు నేలల మీద ఎలా నిలబడుతుందో చూడడం మరో ఎత్తు.

పనిచేసే సూత్రం

1831 ఆగస్టు 29న లండన్‌లో మైకేల్ ఫారడే ఒక ఇనుప ఉంగరానికి రెండు వైపులా రెండు తీగచుట్టలు చుట్టాడు. ఒకదాన్ని బ్యాటరీకి, రెండోదాన్ని కరెంటును పసిగట్టే సూది పరికరానికి కలిపాడు. బ్యాటరీ తగిలించిన క్షణంలో సూది కదిలింది. తీసేసిన క్షణంలో మళ్లీ, ఈసారి ఎదురు దిక్కుకు, కదిలింది. తగిలించి ఉంచినంతసేపూ మాత్రం నిశ్చలంగా ఉండిపోయింది. కరెంటును పుట్టించేది అయస్కాంతత్వం కాదు, అయస్కాంతత్వంలో వచ్చే మార్పు అని ఆ సూది చెప్పింది. దీనినే విద్యుదయస్కాంత ప్రేరణ అంటాం. ట్రాన్స్‌ఫార్మర్ మొత్తం దీని మీదే నిలబడి ఉంది.

మన దేశంలో ఏసీ కరెంటు సెకనుకు 50 ఆవర్తాలు చేస్తుంది. దాన్ని ఒక చుట్టలోకి, అంటే ప్రాథమిక చుట్టలోకి పంపితే ఇనుప గుండెలో, అంటే ఆ రేకుల దొంతరలో, అయస్కాంత అభివాహం అదే లయలో పెరుగుతూ, తరుగుతూ, దిశ మార్చుకుంటూ ఉంటుంది. ఆ ఇనుము మీదే రెండో చుట్ట, అంటే గౌణ చుట్ట ఉంటుంది. రెండు చుట్టల మధ్య తీగ సంబంధం ఉండదు. ఇనుములో మారుతున్న అభివాహం మాత్రం రెండింటి గుండా పోతుంది. దాని వల్ల ఏ చుట్టలోనైనా ఒక్కొక్క మెలికకూ ఒకే వోల్టేజి పుడుతుంది. ఎక్కువ వోల్టేజి కావాలంటే మెలికలు ఎక్కువ, తక్కువ కావాలంటే తక్కువ. లెక్క ఇంతకు మించి లేదు.

వీధిలో ఉండే 11 కేవీ (11,000 వోల్టులు) బై 433 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్నే తీసుకుందాం. 433 అనేది ఫేజుకీ ఫేజుకీ మధ్య. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య అది 250 వోల్టులు. తీగల్లో పోయేది పోగా ఇంటికి 230, 240 చేరాలని ఆ పది, ఇరవై వోల్టుల వెసులుబాటు. మెలికకు 5 వోల్టులు వచ్చేలా తయారుచేశారనుకుంటే తక్కువ వోల్టేజి వైపు 50 మెలికలు, 11,000 వోల్టుల వైపు 2,200 మెలికలు పడతాయి.

వోల్టేజి తగ్గిన మేరకు కరెంటు పెరుగుతుంది. 100 కేవీఏ సామర్థ్యమున్న ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడు మీద ఉన్నప్పుడు 11 కేవీ వైపు ఫేజుకు సుమారు 5.25 ఆంపియర్లే పారుతుంది, 433 వోల్టుల వైపు 133 ఆంపియర్లు. అందుకే పైవైపు చుట్టలో తీగ సన్నం, మెలికలు వేలల్లో. కిందివైపు చుట్టలో తీగ లావు, మెలికలు పదుల్లో.

లోడు పెరిగితే ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? గౌణ చుట్టలో కరెంటు పారగానే అది ఇనుములోని అభివాహానికి ఎదురు నిలుస్తుంది. అభివాహం కాస్త తగ్గబోతుంది. దాంతో ప్రాథమిక చుట్టలో వచ్చే ఎదురు వోల్టేజి తగ్గి, లైను నుంచి అదనపు కరెంటు లోపలికి వస్తుంది, అభివాహం మళ్లీ మొదటి స్థాయికి చేరుతుంది. వీధిలో ఎవరింట్లో ఏసీ వేసినా ఈ సర్దుబాటు ఎవరి ప్రమేయం లేకుండా తక్షణం జరిగిపోతుంది.

ఇదే చుట్టకు బ్యాటరీ ఇచ్చేలాంటి డీసీ కరెంటు పెడితే? మార్పు లేదు కాబట్టి ఎదురు వోల్టేజి లేదు. తీగ నిరోధం ఒక్కటే అడ్డు, అది చాలా స్వల్పం. చుట్ట కాసేపట్లో కాలిపోతుంది.

ఇబ్రహీంపట్నం నుంచి ఇంటి దాకా

విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఉన్న నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రంలో మొదటి యూనిట్ 1979లో మొదలైంది. అక్కడి 210 మెగావాట్ల జనరేటరు కరెంటును 15.75 కేవీ దగ్గర పుట్టిస్తుంది. పూర్తి సామర్థ్యంలో దాని నుంచి వచ్చే కరెంటు 9,000 ఆంపియర్ల పైచిలుకు. దీన్ని ఉన్నదున్నట్టు తెనాలి దాకా తీసుకురావాలంటే ఎంత లావు తీగలైనా చాలవు. అందుకని కేంద్రం ఆవరణలోనే ఒక ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 220 కేవీకి ఎత్తుతుంది. కరెంటు సుమారు 650 ఆంపియర్లకు దిగుతుంది. తీగల్లో వేడిగా పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, కరెంటు పద్నాలుగో వంతయితే నష్టం దాదాపు రెండు వందల వంతుల్లో ఒక వంతవుతుంది.

అక్కడి నుంచి దిగుడు మెట్లు. 220 నుంచి 132, 132 నుంచి 33, 33 నుంచి 11 కేవీ, చివరికి 433 వోల్టులు. ప్రధాన కాలువ నుంచి బ్రాంచి కాలువ, అక్కడి నుంచి పిల్లకాలువ, ఆపైన చేలోకి బోదె ఎలాగో ఇదీ అలాగే. ప్రతి మలుపు దగ్గరా తూముకు బదులు ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. మండలాల్లో కనిపించే 33 బై 11 కేవీ సబ్‌స్టేషన్లలో సాధారణంగా 5 ఎంవీఏ, 8 ఎంవీఏ సామర్థ్యమున్నవి ఉంటాయి. వీటికి ట్యాప్ మార్చే ఏర్పాటు ఉంటుంది: లైను చివర వోల్టేజి పడిపోతుంటే చుట్టలో కొన్ని మెలికలు కలిపో తీసో సరిచేస్తారు. ఊళ్లోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో చాలావాటికి ఆ సదుపాయం ఉండదు.

విజయవాడ–చెన్నై రైలుమార్గం తెనాలి, బాపట్ల మీదుగా పోతుంది. ఆ పట్టాల పైతీగలో ఉండేది 25 కేవీ, అదీ ఒకే ఫేజు. రైల్వే ట్రాక్షన్ సబ్‌స్టేషన్లు పెద్ద గ్రిడ్డు నుంచి తీసుకుని ఆ వోల్టేజికి దించుతాయి. ఇంజను కడుపులో ఉన్న మరో ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని మోటార్లకు కావలసిన స్థాయికి మళ్లీ దించుతుంది. ప్లాట్‌ఫారం మీద ఇంజను పక్కన నిలబడితే వినిపించే రొదలో దాని పాలూ ఉంది.

కొంత చరిత్ర

ఫారడే ఉంగరం తర్వాత పనికొచ్చే యంత్రం రావడానికి యాభయ్యేళ్లు పట్టింది. 1880లలో లూసియాన్ గొలార్, జాన్ గిబ్స్ తెరిచిన ఇనుప గుండెతో కొన్ని ప్రదర్శనలు చేశారు. 1885లో బుడాపెస్ట్‌లోని గంజ్ కర్మాగారం ఇంజనీర్లు కారోయ్ జిపెర్నౌస్కీ, ఓట్టో బ్లాథీ, మిక్షా డేరి అభివాహం బయటికి జారిపోకుండా పూర్తిగా మూసిన గుండెను తయారుచేశారు. ఈనాటి ట్రాన్స్‌ఫార్మర్ రూపం అక్కడ స్థిరపడింది. 1886 మార్చిలో అమెరికాలోని గ్రేట్ బారింగ్టన్‌లో విలియం స్టాన్లీ ఒక ఊరి వీధికి ట్రాన్స్‌ఫార్మర్ల ద్వారా దీపాలు వెలిగించాడు. 1891లో జర్మనీలో లౌఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 175 కిలోమీటర్ల దూరం మూడు ఫేజుల కరెంటు పంపడంతో, కరెంటును పుట్టిన చోటే వాడుకోవాలన్న పరిమితి తొలగిపోయింది.

మన దగ్గర ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959 ఏప్రిల్ 1న ఏర్పడింది. 1999లో ఉత్పత్తి, ప్రసారం విడిపోయి జెన్‌కో, ట్రాన్స్‌కో అయ్యాయి. 2000లో పంపిణీ సంస్థలు పుట్టాయి. తెనాలి, బాపట్ల ప్రాంతం చాలాకాలం తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ సంస్థ కింద ఉండి, 2020లో మధ్య ప్రాంత సంస్థ కిందికి వచ్చింది.

తొట్టి లోపల

గుండెకు వాడేది మామూలు ఇనుము కాదు. సిలికాన్ కలిపి, ఒకే దిశలో అయస్కాంతత్వం తేలిగ్గా పారేలా సాగదీసిన ఉక్కు రేకులు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో మూడో వంతుకన్నా పలచన. రేకుకీ రేకుకీ మధ్య విద్యుత్ నిరోధక పూత ఉంటుంది. దిమ్మలాంటి ఇనుము వాడితే మారే అభివాహం ఇనుములోనే సుడి కరెంట్లు పుట్టించి దాన్ని పొయ్యిలా కాలుస్తుంది. రేకులుగా చీల్చడంతో ఆ సుడులకు దారి మూసుకుపోతుంది. అయస్కాంతత్వం దిశ మారినప్పుడల్లా రేకులు కంటికి కనిపించనంతగా సాగి ముడుచుకుంటాయి. ఆవర్తానికి రెండు సార్లు, అంటే సెకనుకు 100 సార్లు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వినిపించే ఝుమ్మనే శబ్దం ఇదే. అది ఎప్పుడూ ఒకేలా ఉంటే భయం లేదు. గరగరమనో చిటపటమనో మారిందంటే లైన్‌మన్‌కు కబురు పంపాల్సిందే.

చుట్టల తీగ రాగి కావచ్చు, అల్యూమినియం కావచ్చు. తీగల మీద కాగితం చుడతారు. ఇంత యంత్రం ఆయుష్షు చివరికి ఆ కాగితం మీద ఆధారపడి ఉంటుంది. రాగి చెడదు, ఇనుము అరగదు. కాగితం మాత్రం వేడికి, తేమకు పెళుసెక్కి పొడి పొడి అవుతుంది. వేడి అదనంగా 6 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ దాని వయసు సగానికి తగ్గుతుందని ఇంజనీర్లు లెక్క కడతారు.

నూనె రెండు పనులు చేస్తుంది. చుట్టల వేడిని మోసుకుపోయి తొట్టి పక్కనున్న గొట్టాల ద్వారా గాలికి అప్పగిస్తుంది. వేడెక్కిన నూనె పైకి లేవడం, చల్లారినది కిందికి దిగడం వల్ల పంపు అవసరం లేకుండానే ఈ చక్రం తిరుగుతుంది. రెండో పని, కరెంటు ఒకచోటి నుంచి మరో చోటికి దూకకుండా అడ్డుకోవడం. దీని శక్తిని కొలవడానికి 2.5 మిల్లీమీటర్ల ఎడంలో రెండు లోహపు బిళ్లలను నూనెలో పెట్టి వోల్టేజి పెంచుతూ పోతారు. వడగట్టి, తేమ తీసిన మంచి నూనె 60 కేవీ దాకా తట్టుకోవాలి. కొన్ని చుక్కల నీళ్లు కలిసినా ఆ సంఖ్య దారుణంగా పడిపోతుంది.

పగలు వేడికి నూనె ఉబ్బుతుంది, రాత్రి కుంచించుకుపోతుంది. అందుకోసం పైన ఒక చిన్న డబ్బా (కన్సర్వేటరు), దానికి గాలి పీల్చుకునే గొట్టం (బ్రీదరు) ఉంటాయి. గొట్టం చివర గాజు బుడ్డిలో సిలికా జెల్ గుళికలు గాలిలో తేమను పట్టేస్తాయి. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే అవి నిండిపోయినట్టు; తీసి వేయించి మళ్లీ వాడవచ్చు, లేదా మార్చాలి. బాపట్ల దగ్గరి సూర్యలంక, రేపల్లె దగ్గరి నిజాంపట్నం వైపు సముద్రపు గాలికి ఈ గుళికలు త్వరగా నిండిపోతాయి. లోపలి ప్రదేశాలకు సరిపోయే తనిఖీ గడువు తీరానికి సరిపోదు. నా దృష్టిలో తీరప్రాంతంలో ట్రాన్స్‌ఫార్మర్‌కు చేయగలిగిన అతి చవక ఉపకారం ఆ గాజు బుడ్డిని కనిపెట్టుకుని ఉండడమే.

పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లలో, డబ్బాకీ తొట్టికీ మధ్య గొట్టంలో బుక్‌హోల్జ్ రిలే ఉంటుంది. లోపల ఎక్కడైనా చిన్న నిప్పురవ్వ లేచి నూనె వాయువుగా మారితే, ఆ బుడగలు ఇందులో చేరి ముందు గంట మోగిస్తాయి. వాయువు ఉప్పెనలా వస్తే రిలే లైనునే తెంచేస్తుంది. వీధి ట్రాన్స్‌ఫార్మర్లకు ఇది ఉండదు. వాటికి పైన 11 కేవీ వైపు హెచ్‌జీ (హార్న్ గ్యాప్) ఫ్యూజులు, కింద 433 వోల్టుల వైపు ఎల్‌టీ (లో టెన్షన్) ఫ్యూజులు, విడదీయడానికి ఏబీ (ఎయిర్ బ్రేక్) స్విచ్: ఇవే రక్షణ.

వినియోగం లేకున్నా ట్రాన్స్‌ఫార్మర్ కొంత కరెంటు తింటుంది. పాత తరం 100 కేవీఏ యంత్రానికి ఇనుములో నిత్య నష్టం 260 వాట్లు, పూర్తి లోడులో చుట్టల నష్టం 1,760 వాట్లు అన్నది ఒకప్పటి పరిమితి. ఏడాది పొడుగునా 260 వాట్లంటే సుమారు 2,280 యూనిట్లు. పంట లేక మోటార్లన్నీ ఆగిన నెలల్లోనూ ఈ ఖర్చు సాగుతూనే ఉంటుంది. ఇప్పటి భారతీయ ప్రమాణాలు ఈ నష్టాలను బాగా తగ్గించాయి. పాతవాటిని కాలిపోయేదాకా ఆగకుండా మార్చడం మంచిదని నేననుకోవడానికి కారణం ఇదే.

మూడు ఫేజులు, ఒక న్యూట్రల్

మూడు ఫేజుల ట్రాన్స్‌ఫార్మర్లో ఇనుప గుండెకు మూడు కాళ్లు. ఒక్కో కాలి మీద ఒక్కో జత చుట్టలు. 11 కేవీ వైపు మూడు చుట్టలనూ కొసకు కొస కలిపి త్రికోణంలా కడతారు, దీన్ని డెల్టా అంటారు. 433 వోల్టుల వైపు మూడింటి ఒక్కొక్క కొసనూ ఒకచోట ముడివేస్తారు, ఇది స్టార్. ఆ ముడి నుంచి వచ్చే తీగే న్యూట్రల్. దాన్ని దిమ్మె పక్కన గోతిలో భూమికి కలుపుతారు.

ఈ కట్టు తెలిస్తే వీధిలో కరెంటు పోయిన తీరును బట్టి తప్పు ఎక్కడుందో చెప్పొచ్చు. ఎల్‌టీ వైపు ఒక ఫ్యూజు పోతే వీధిలో మూడో వంతు ఇళ్లు పూర్తిగా చీకటి, మిగతావి మామూలుగా వెలుగుతాయి. పైన 11 కేవీ ఫ్యూజుల్లో ఒకటి పోతే కథ వేరు. త్రికోణంలో ఒక చుట్టకు నిండు వోల్టేజి దక్కుతుంది, మిగతా రెండూ వరుసలో పడి ఒకే వోల్టేజిని చెరిసగం పంచుకుంటాయి. కింద ఒక ఫేజు ఇళ్లలో దీపాలు బాగానే వెలుగుతాయి; మిగిలిన రెండు ఫేజుల్లో ఫ్యాను ఈడుస్తుంది, పాత బల్బయితే ఎర్రటి వత్తిలా మిణుకుమంటుంది. ఆ స్థితిలో ఫ్రిజ్, మోటారు వేసి ఉంచితే కాలిపోతాయి. “కరెంటు ఉంది గానీ డల్‌గా ఉంది, ఎదురింట్లో బానే ఉంది” అని ఫోన్ చేస్తే అనుభవమున్న లైన్‌మన్ నేరుగా పైఫ్యూజుల వైపే చూస్తాడు.

అన్నిటికన్నా ప్రమాదం న్యూట్రల్ తెగడం. అప్పుడు ఇళ్లన్నీ ఫేజుకీ ఫేజుకీ మధ్య వరుసలో పడతాయి. లోడు తక్కువున్న ఇంటికి 230 బదులు 300, 350 దాటి రావచ్చు. ఒకే రోజు వీధిలో టీవీలన్నీ పోయాయని విన్నప్పుడు మొదట అనుమానించాల్సింది దీన్నే. మంచి ఎర్త్ ఉంటే ఈ ప్రమాదం తగ్గుతుంది. ఇక్కడే నేల తేడా బయటపడుతుంది. తెనాలి చుట్టుపక్కల నల్లరేగడి తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి ఎర్త్ సులువుగా కుదురుతుంది. నేల నెర్రెలిచ్చే మే నెలలో మాత్రం గోతికి నీళ్లు పోయాలి. బాపట్ల ఇసుకలో పైపొర ఆరిపోతే కరెంటుకు దారి దొరకదు, గొట్టాన్ని కింద తడి ఉన్న లోతు దాకా దించాలి. రేపల్లె, నిజాంపట్నం ఉప్పునేల కరెంటును బ్రహ్మాండంగా తీసుకుంటుంది గానీ, అదే ఉప్పు ఎర్త్ రేకును తినేస్తుంది. పైకి తీగ చక్కగా కనిపిస్తూ, భూమిలో ఏమీ మిగలని ఎర్తింగులు అక్కడ దొరుకుతాయి.

మూడు చోట్ల మూడు లోడ్లు

తెనాలిది పట్టణపు లోడు. ఇళ్లు, దుకాణాలు, ఆసుపత్రులు. మే నెల రాత్రుల్లో ఏసీలన్నీ ఒకేసారి నడుస్తాయి. గాలే వేడిగా ఉన్నప్పుడు నూనె చల్లారదు. ఒకప్పుడు అర్ధరాత్రి దాటాక ట్రాన్స్‌ఫార్మర్‌కు దొరికే విశ్రాంతి ఇప్పుడు దొరకడం లేదు. సింగిల్ ఫేజు ఇళ్లన్నీ ఒకే ఫేజు మీద గుమిగూడితే, మొత్తం లోడు హద్దులోనే ఉన్నా ఆ ఒక్క చుట్ట కాగిపోతుంది. చుట్టుపక్కల దుగ్గిరాల పసుపు గిడ్డంగులు, శీతల గిడ్డంగులు, రైసు మిల్లులకు సొంత ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. పొలాల్లో వరికి కాలువ నీరే ఆధారం కాబట్టి సార్వాలో మోటార్ల పని తక్కువ. వరి కోశాక వేసే మొక్కజొన్నకు, కొల్లిపర వైపు అరటికి, పసుపుకు తోడే నీరు కావాలి. లోడు అప్పుడు పెరుగుతుంది.

బాపట్ల తీరపు ఇసుకలో తరతరాలుగా దొరువులు తవ్వుకుంటారు. పైన తేలే మంచినీటి పొర పలచన, కింద ఉప్పునీరు. పెద్ద మోటారుతో గుంజితే ఉప్పు పైకి వస్తుంది. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం ఆ పైపొరనే మెల్లగా తీసే మెరుగైన దొరువు పద్ధతిని రూపొందించింది. నీరే చిన్న మోటార్లు కోరుతున్నప్పుడు వాటికి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లే సరి. హెచ్‌వీడీఎస్ అనే పద్ధతి సరిగ్గా ఇందుకే పనికొస్తుంది: ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి కిలోమీటర్ల కొద్దీ ఎల్‌టీ తీగ లాగే బదులు, 11 కేవీ లైనునే చేల దాకా తెచ్చి నాలుగైదు మోటార్లకు ఒక 15 లేదా 25 కేవీఏ యంత్రం పెడతారు. అంతే శక్తిని 433 వోల్టుల దగ్గర మోస్తే కరెంటు 25 రెట్లు, తీగలో నష్టం సుమారు 645 రెట్లు. లో వోల్టేజి బాధ కూడా దీంతో పోతుంది. పైగా ట్రాన్స్‌ఫార్మర్ నలుగురిదే అయితే ఆ నలుగురూ దాన్ని తమదిగా చూసుకుంటారు.

తీరంలో మరో శత్రువు ఉప్పుగాలి. పింగాణీ బుషింగుల మీద, ఇన్సులేటర్ల మీద వేసవంతా ఉప్పు పొర పేరుకుంటుంది. గట్టి వాన దాన్ని కడిగేస్తుంది; పొగమంచు, తుంపర మాత్రం తడిపి వదిలేస్తాయి. తడిసిన ఉప్పు కరెంటుకు దారి. అలాంటి తెల్లవారుజామున స్తంభాల మీద చిటచిటలు, నీలి మెరుపులు కనిపిస్తాయి. కాసేపటికి ఫీడరు ట్రిప్పవుతుంది.

రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల లోడు ఈ మూడింట్లోనూ కఠినమైనది. 2009లో దేశంలో వెనామీ రొయ్యకు అనుమతి వచ్చాక చెరువుల్లో పిల్ల సాంద్రత పెరిగింది, దాంతో నీటిలోకి గాలి కొట్టే ఏరియేటర్లు తప్పనిసరి అయ్యాయి. రాత్రి నీటిలోని నాచు కూడా ఆక్సిజన్ తీసుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున ప్రాణవాయువు అట్టడుగుకు చేరుతుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోతే పంట మొత్తం పోవచ్చు.

ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యాన్ని కిలోవాట్లలో కాక కేవీఏలో ఎందుకు చెబుతారో అర్థమవుతుంది. రెండు హెచ్‌పీ ఏరియేటరు దాదాపు 1.87 కిలోవాట్లు తీసుకుంటుంది. పవర్ ఫ్యాక్టరు 0.75 అయితే ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే భారం 2.5 కేవీఏ. వంద కేవీఏ యంత్రం 40 ఏరియేటర్లతో నిండుతుంది. మోటార్లకు కెపాసిటర్లు పెట్టి పవర్ ఫ్యాక్టరును 0.95కి తెస్తే అవే మోటార్లు ఒక్కొక్కటి 2 కేవీఏ లోపే తీసుకుంటాయి. 50 దాకా నడపొచ్చు. చుట్ట వేడెక్కేది కరెంటును బట్టే గాని, అందులో ఎంత పనికొచ్చిందన్నదాన్ని బట్టి కాదు. పోయిన కరెంటు తిరిగొచ్చినప్పుడు అన్ని ఏరియేటర్లూ ఒక్కసారే వేస్తే ఒక్కో మోటారూ మొదట్లో ఐదారు రెట్ల కరెంటు గుంజుతుంది. వరుసగా, కొన్ని నిమిషాల ఎడంతో వేయాలి.

ఎందుకు కాలిపోతుంది

లోడు మించడం, నూనె కారి తగ్గిపోవడం, తేమ, పిడుగు, వదులైన జాయింట్లు: కారణాలు చాలా ఉన్నాయి. నేను వీటన్నిటికన్నా పైన పెట్టేది తప్పుడు ఫ్యూజు తీగను. ఎల్‌టీ ఫ్యూజు మాటిమాటికీ పోతోందని, ఒక పోగు ఉండాల్సిన చోట అల్యూమినియం తీగ నాలుగు పోగులు మెలివేసి కట్టేస్తారు. ఇక ఆ ఫ్యూజు పోదు. లైను మీద కొమ్మ పడి తీగలు కలిసినప్పుడు పోవాల్సింది ఫ్యూజు, పోయేది ట్రాన్స్‌ఫార్మర్. దానికి తోడు మనుషుల ప్రాణాలు. మోటారు ఆగిందని రైతులే ఏబీ స్విచ్ దించి దిమ్మె ఎక్కుతారు. స్విచ్‌లోని మూడు కత్తుల్లో ఒకటి సరిగా విడిపోకపోతే ఆ ఫేజు బతికే ఉంటుంది. స్విచ్ దించాను కదా అన్న నమ్మకంతో ఎందరో పొలాల్లో చనిపోయారు. ఫ్యూజు పోతే 1912కి ఫోన్ చేసి కాసేపు ఆగడం తప్ప వేరే దారి లేదు.

పొలాల్లో ఒంటరిగా ఉండే ట్రాన్స్‌ఫార్మర్లకు దొంగల బెడద ఉంది. లైను తెంచి, నూనె పారబోసి, చుట్టలోని తీగ పట్టుకుపోతారు. దొంగకు దక్కేది కొన్ని కిలోల లోహం, రైతులు పోగొట్టుకునేది ఒక తడి.

తుఫాన్ల మాట చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమతో పాటు రేపల్లె, బాపట్ల తీరాన్నీ ఊడ్చేసింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. గాలికి స్తంభాలు ఒరిగినప్పుడు జంట స్తంభాల మీదున్న ట్రాన్స్‌ఫార్మర్ బరువుతో సహా కూలుతుంది. దిమ్మె మీదున్నది నిలబడినా నీట మునిగే భయం ఉంది. మునిగి తేలిన యంత్రానికి వెంటనే కరెంటు ఇవ్వకూడదు. ముందు నూనె పరీక్షించాలి.

ఎదురు కరెంటు

ట్రాన్స్‌ఫార్మర్ రెండు దిక్కులా పనిచేస్తుంది. 11,000 ఇస్తే 433 ఇచ్చే యంత్రం, 433 ఇస్తే 11,000 ఇస్తుంది. రొయ్యల చెరువుల మీద జనరేటర్లు లెక్కలేనన్ని ఉన్న ఈ ప్రాంతంలో ఈ సంగతి అందరికీ తెలిసి ఉండాలి. లైను కరెంటు పోయినప్పుడు చేంజ్ ఓవర్ స్విచ్ లేకుండా జనరేటరును నేరుగా కలిపితే, ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి వెళ్లి 11 కేవీగా మారి లైనెక్కుతుంది. సబ్‌స్టేషన్లో లైను ఆపించుకుని స్తంభమెక్కిన మనిషికి అది తగులుతుంది. పని మొదలుపెట్టే ముందు తీగలను గొలుసుతో భూమికి కలిపే ఆచారం ఇందుకే. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంతో ఇంటి కప్పుల మీద పెరుగుతున్న సోలార్ పలకలు కూడా మధ్యాహ్నం కరెంటును వెనక్కి పంపుతాయి. అయితే లైను పోగానే వాటి ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోయేలా తయారుచేస్తారు. డీజిల్ జనరేటరుకు ఆ తెలివి లేదు.

మార్పు, మరమ్మతు

కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను పట్టణంలో 24 గంటల్లో, పల్లెలో 48 గంటల్లో మార్చాలన్నది నిబంధన. తీసినదాన్ని మరమ్మతు షెడ్డుకు తరలిస్తారు. మూత విప్పగానే మాడిన కాగితం, నూనె కలిసిన ఘాటు వాసన వస్తుంది. తప్పు చాలాసార్లు చూపుకే తెలుస్తుంది: ఒక్క కాలి చుట్ట మాత్రమే నల్లబడితే లోడు ఒకే ఫేజు మీద పడిందని, మూడూ సమానంగా మాడితే మొత్తం లోడు మించిందని, పై మెలికలు మాత్రమే చెదిరితే పిడుగో 11 కేవీ వైపు దెబ్బో అని. గుండె రేకులు బాగుంటే చుట్టలు కొత్తవి వేస్తారు, పొయ్యిలో ఆరబెడతారు, వడగట్టిన నూనె నింపుతారు.

తర్వాత పరీక్షలు. మెగ్గరుతో చుట్టలకీ తొట్టికీ మధ్య నిరోధం చూస్తారు. తక్కువ వోల్టేజి ఇచ్చి మెలికల నిష్పత్తి మూడు ఫేజుల్లోనూ ఒకేలా ఉందా అని సరిచూస్తారు. నూనె మళ్లీ పరీక్షిస్తారు. దిమ్మె మీదికి ఎక్కించాక ముందు ఎల్‌టీ ఫ్యూజులు లేకుండా, అంటే లోడు లేకుండా, కాసేపు నడిపి శబ్దం వింటారు. మూడు ఫేజుల వోల్టేజి కొలుస్తారు. ఫ్యూజులు పెట్టిన తర్వాత చివరగా ఒక మోటారు వేసి అది ఏ వైపు తిరుగుతోందో చూస్తారు. ఫేజుల వరుస మారితే మోటారు తిరగబడి తిరుగుతుంది, నీళ్లు పడవు. అప్పుడు లైను మళ్లీ ఆపి, రెండు తీగలను అటుదిటు, ఇటుదటు మార్చి బిగిస్తారు.